పైకప్పు లేపిన బస్సు: ఎత్తు, బలం, అనుమతి

పాత బస్సును కొని దానిని ఇల్లుగా మార్చుకోదలచినవారికి మొదట ఎదురయ్యే చిక్కు పైకప్పు. కూర్చుని ప్రయాణించేవారి కోసం కట్టిన బస్సులో నడవ మధ్యన నిలబడితే తల ఆనకపోయినా, నేల మీద ప్లైవుడ్డు పరచి, కప్పు లోపల ఎండ వేడిని ఆపే పొర అతికించి, దాని కింద సీలింగు బిగించేసరికి మూడు నాలుగు అంగుళాలు కరిగిపోతాయి. గోడ పక్కకు వచ్చేసరికి కప్పు వంపు వల్ల మరికొంత తగ్గుతుంది. వంట గట్టు ముందు, స్నానాల గదిలో నిటారుగా నిలబడలేని వాహనంలో వారాల తరబడి బతకడం కష్టం కనుక, కిటికీల దగ్గర స్తంభాలను కోసి, కప్పును ఒక అడుగో అడుగున్నరో పైకి లేపి, మధ్యలో కొత్త ఇనుము అతికే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఈ పని చేయవచ్చా, చేస్తే ఎలా చేయాలి, చేసిన వాహనానికి రోడ్డెక్కే అర్హత ఎవరు ఇవ్వాలి అన్న మూడు ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలగలిసిపోయి, ఒకరు బలం గురించి మాట్లాడుతుంటే మరొకరు చట్టం గురించి జవాబిచ్చే స్థితికి చర్చ చేరింది.

హైదరాబాదు పాఠకుడికి ఈ సంగతి దూరపుది కాదు. సాయంత్రం దాటాక అమీర్‌పేట, పంజాగుట్ట రోడ్ల పక్కన బెంగళూరు, తిరుపతి, విజయవాడ వైపు వెళ్లే ట్రావెల్స్ బస్సులు ప్రయాణికుల కోసం ఆగినప్పుడు, ఒకే కప్పు కింద రెండు అంతస్తుల పడకలు ఇమిడ్చిన స్లీపర్ కోచ్‌లు ఎత్తు అనే వనరును ఎంత పిసినారితనంతో వాడుకుంటాయో కళ్లకు కడుతుంది. అదే ప్రాంతంలో, ఎల్లారెడ్డిగూడలోని సారథి స్టూడియో చుట్టుపక్కల, సినిమావారి కారవాన్లు కనిపిస్తాయి; అవి మంచం, అద్దం, మరుగుదొడ్డి ఉన్న చక్రాల గదులే. పంజాగుట్ట దాటి ఖైరతాబాదు చేరితే, ఈ వాహనాలన్నిటి తలరాత రాసే రవాణా శాఖ కార్యాలయం ఉంది.

రెండు చరిత్రలు

కప్పు లేపడం ఒక అలవాటుగా స్థిరపడింది అమెరికాలో. అక్కడ బ్లూబర్డ్ అనే స్కూలు బస్సుల సంస్థ 1963లోనే బస్సు బాడీ మీద వాండర్‌లాడ్జ్ పేరుతో మోటార్‌హోమ్‌లు తయారుచేయడం మొదలుపెట్టింది. అంత సొమ్ము పెట్టలేనివారు రిటైరైన స్కూలు బస్సులను వేలంలో కొని సొంతంగా మార్చుకున్నారు. ఆ బస్సుల లోపలి ఎత్తు సాధారణంగా 72 నుంచి 78 అంగుళాలు. పొడుగు మనుషులకు అది చాలకపోవడంతో, కోయడానికీ అతకడానికీ అనువైన ఉక్కు పట్టీలతో కట్టిన ఆ బస్సు కప్పునే పైకి జరపడం అక్కడ బస్సులు మార్చుకునేవారికి సహజమైన దారిగా తోచింది. ఐరోపాలో ఇదే ఇబ్బందికి వేరే మందు దొరికింది: వోక్స్‌వాగన్ వ్యాన్లకు వెస్ట్‌ఫాలియా సంస్థ అమర్చిన, ఆగినప్పుడు పైకి తెరుచుకుని కదిలేటప్పుడు మూసుకునే మడత కప్పు.

తెలుగు నేల మీద బస్సు బాడీ కట్టడం అంతకంటె పాత విద్య. నిజాం ప్రభుత్వపు రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైంది. తరువాతి దశాబ్దాలలో సికింద్రాబాదు నుంచి జూపార్కు దాకా డబుల్ డెక్కర్లు తిరిగాయి. ఈ దేశంలో చాలాకాలం కంపెనీ నుంచి కొనుగోలుదారుకు వచ్చేది ఇంజను, చక్రాలు, ఇనుప చట్రం మాత్రమే. ఛాసిస్ అని పిలిచే ఆ చట్రం మీద బాడీని విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాదు షెడ్లలోనో ఆర్టీసీ సొంత వర్క్‌షాపులలోనో కట్టేవారు. కాబట్టి అమెరికా ఔత్సాహికుడు తయారైన బస్సును కోసి ఎత్తు సంపాదించవలసి వస్తే, ఇక్కడి యజమాని బాడీ కట్టించేటప్పుడే తనకు కావలసిన ఎత్తు చెప్పగలిగేవాడు. ఈ తేడాను పట్టించుకోకుండా అమెరికా వాదాలను ఇక్కడికి దించుకోవడం వల్ల చర్చ సగం పక్కదారి పట్టింది.

తెలుగువారికి బాగా తెలిసిన మార్పిడి వాహనం చైతన్యరథం. 1982లో తెలుగుదేశం పార్టీ స్థాపించాక ఎన్.టి. రామారావు ఒక పాత షెవ్రొలే వ్యానును ప్రచార రథంగా మార్పించుకుని, కొడుకు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా తిరిగారు. అందులో కప్పు తలదాచుకునే కప్పు మాత్రమే కాదు, నాయకుడు నిలబడి మాట్లాడే వేదిక కూడా. అంటే కప్పు మీద బరువు పడుతుంది, వాహనం కదులుతుండగానే పడుతుంది. నలభై ఏళ్ల తరువాత 2022 డిసెంబరులో పవన్ కల్యాణ్ ప్రచార వాహనం వారాహి హైదరాబాదులో రిజిస్టరైనప్పుడు వివాదమంతా దాని పచ్చ రంగు సైన్యపు రంగా కాదా అన్నదాని చుట్టే తిరిగింది. రంగు నిబంధనలకు లోబడే ఉందని అధికారులు తేల్చాక మాట అంతటితో ఆగింది. మనుషులు ఎక్కి నిలబడే కప్పును మోసే స్తంభాల సంగతి బహిరంగ చర్చలో రంగుకు దక్కిన చోటులో పదోవంతు కూడా పొందలేదు. ప్రజలు చూసేది పైపూత, ప్రాణం నిలిపేది లోపలి ఇనుము అయినప్పుడు, ఈ అలక్ష్యం చిన్నది కాదు.

కోత, అతుకు

పని జరిగే తీరు తెలియకుండా వాదాలను తూచడం సాధ్యం కాదు. ముందుగా సీట్లు, కిటికీలు, లోపలి రేకులు విప్పి అస్థిపంజరం బయటపెడతారు. కప్పు అంచు వెంబడి పోయే కరెంటు వైర్లను, ఏసీ గొట్టాలను విడదీస్తారు. వెల్డింగు కరెంటు ఇంజను కంట్రోలు పెట్టెను కాల్చకుండా బ్యాటరీ తీసేస్తారు. తరువాత బస్సు నాలుగు మూలలా, మధ్యలో ఒకటి రెండు చోట్లా జాకీలు నిలిపి, కప్పు బరువు వాటి మీదకు వచ్చాక, కిటికీకీ కిటికీకీ నడుమ నిలిచే పిల్లర్లను ఒకే మట్టంలో కోస్తారు. జాకీలను అందరూ ఒకేసారి, ఒక్కొక్క అంగుళం చొప్పున తిప్పాలి. ఒక మూల ముందుకు పోతే కప్పు మెలి తిరుగుతుంది, ఆ మెలిక అతికాక సరికాదు. కావలసిన ఎత్తు వచ్చాక ప్రతి పిల్లరు తెగిన చోట కొత్త ముక్క పెట్టి, దాని లోపల రెండు వైపులకూ చొచ్చుకుపోయే ఇంకొక ఉక్కు గొట్టాన్ని స్లీవుగా దూర్చి అతుకుతారు. ఆపైన ముందు అద్దానికీ లేచిన కప్పుకూ నడుమ, వెనక గోడలో, ఖాళీని రేకుతో మూస్తారు.

కోత ఎక్కడ పెట్టాలన్నది మొత్తం పనికి గుండెకాయ. బస్సు పక్కకు పడినప్పుడు కప్పు మీద వచ్చే తోపుకు పిల్లర్లు అడ్డంగా వంగుతాయి. ఆ వంపు ఒత్తిడి పిల్లరు కాలు దగ్గర, అంటే కిటికీ కింది పట్టీ వద్ద, మళ్లీ తల దగ్గర, అంటే కప్పు అంచు పట్టీ వద్ద అత్యధికంగా ఉండి, మధ్యలో దాదాపు సున్నాకు దిగుతుంది. అందువల్ల పిల్లరు నడుమ అతుకు పడితే అది తక్కువ ఒత్తిడి చోట ఉంటుంది. కోయడం తేలికని కిటికీ అంచునే కోస్తే అతుకు సరిగ్గా విరగబోయే చోటనే కూర్చుంటుంది. ఇంకొక లెక్క కూడా ఉంది. 90 సెంటీమీటర్ల కిటికీ పిల్లరును 120 సెంటీమీటర్లకు పెంచితే, అదే గొట్టం అదే మందంతో ఉన్నా, తట్టుకోగల తోపు నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది. వంగకుండా నిలిచే బిగువు పొడవు ఘనానికి విలోమంగా తగ్గుతుంది కనుక 42 శాతానికే చేరుతుంది. అతుకు ఎంత బాగా పడినా ఈ నష్టం పోదు. దాన్ని పూడ్చాలంటే మందమైన గొట్టం, అదనపు పిల్లర్లు, కొన్ని కిటికీలను మూసి పెట్టే అడ్డకమ్మీలు కావాలి.

ఇదంతా ఛాసిస్ మీద వేరుగా కూర్చున్న బాడీకి వర్తించే మాట. వోల్వో తరహా బస్సులలో నేల, గోడలు, కప్పు కలిసి ఒక్క పెట్టెలాగా బరువు మోస్తాయి. అక్కడ పిల్లరు కోయడమంటే వెన్నెముకను కోయడమే కాబట్టి ఈ రెండు తరగతుల బస్సులకూ ఒకే సలహా చెల్లదు.

మూడు పక్షాలు

మొదటి పక్షం కప్పు లేపడాన్ని సమర్థిస్తుంది. దీని ముఖ్యవాదం ఏమిటంటే, భయపడేంతగా బరువు కేంద్రం పైకి జరగదు. పది టన్నుల బస్సులో 600 కిలోల కప్పును 30 సెంటీమీటర్లు లేపితే మొత్తం బరువు కేంద్రం పైకి జరిగేది రెండు సెంటీమీటర్ల లోపే. ఈ లెక్క సరైనదే. దీనిని బట్టే ఇంకొక సంగతి తేలుతుంది: బరువు కేంద్రం 1.2 మీటర్ల ఎత్తున ఉన్న ఆ బస్సు మీదనే 3.3 మీటర్ల ఎత్తున 200 కిలోల ఏసీ, సోలారు పలకలు, సామాను అరలు బిగిస్తే కేంద్రం నాలుగు సెంటీమీటర్లకు పైగా లేస్తుంది. కప్పు లేపడాన్ని ప్రమాదమని వ్యతిరేకిస్తూ కప్పు మీద నీళ్ల ట్యాంకు పెట్టుకునేవారు చిన్న ముప్పుకు వెరచి పెద్ద ముప్పును నెత్తికెత్తుకుంటున్నారన్నమాట. అయితే ఈ పక్షం గాలి విషయంలో అంత బలంగా లేదు. 12 మీటర్ల బస్సుకు 30 సెంటీమీటర్లు కలిపితే పక్కగాలికి 3.6 చదరపు మీటర్ల కొత్త గోడ దొరుకుతుంది, అదీ పైభాగాన. ఎదురుగాలికి మరో ముప్పావు చదరపు మీటరు తోడై డీజిలు ఖర్చు పెరుగుతుంది.

రెండో పక్షం కప్పును ముట్టుకోవద్దంటుంది. దీని ఆధారం పల్టీ ప్రమాదాలు. అమెరికాలో 1977 నుంచి అమలైన ప్రమాణం ప్రకారం స్కూలు బస్సు కప్పు ఖాళీ బస్సు బరువుకు ఒకటిన్నర రెట్ల భారాన్ని మోసి కూడా 130 మిల్లీమీటర్లకు మించి కుంగకూడదు. ఐరోపా నియమావళిలోనూ, దాని బాటలో వచ్చిన మన వాహన ప్రమాణం ఏఐఎస్-031లోనూ, బస్సును 800 మిల్లీమీటర్ల ఎత్తు గట్టు మీద నుంచి పక్కకు దొర్లించి, ప్రయాణికుల చుట్టూ మిగలవలసిన ఖాళీలోకి ఏ ఇనుమూ చొచ్చుకురాలేదని చూస్తారు. కోసిన బస్సు ఈ పరీక్షలలో నిలుస్తుందని ఎవరు చెప్పగలరన్నది వీరి ప్రశ్న. కానీ వీరు సూచించే మార్గాలు, అంటే సీలింగు పలచగా చేయడం, వంటగది వద్ద మాత్రం నేలను దించడం, పడక కింద సామాను అరలు పెట్టడం, పొడుగువారికి నిజంగా సరిపోవని ఒప్పుకోక తప్పదు. నేల దించడమన్నది ఛాసిస్ కమ్మీలు, గేరుషాఫ్టు అడ్డున్న బస్సులలో దాదాపు కుదరని పని.

మూడో పక్షం భారతీయమైనది. కోయవద్దు, కొత్తగా కట్టుకోండి అంటుంది. ఛాసిస్ కొని, గుర్తింపు పొందిన బాడీ బిల్డరు దగ్గర, కావలసిన లోపలి ఎత్తుతో, బస్సు బాడీ కోడ్ అని పిలిచే ఏఐఎస్-052కు లోబడి, మోటార్‌హోమ్‌ల కోసం విడిగా ఉన్న ఏఐఎస్-124 ప్రకారం ఆమోదం తెచ్చుకోవాలన్నది దీని సారాంశం. కేంద్ర నియమాలలో మోటార్ కారవాన్‌కు నిర్వచనం ఉంది: కుర్చీలు, బల్ల, పడక, వంట సదుపాయం, సామాను అరలు బిగించి ఉన్న నివాస వాహనం. బలం విషయంలో ఇదే మెరుగైన దారి. దీని లోపం ఖర్చు. కండెమ్ చేసిన బస్సును వేలంలో కొనేవాడికి కొత్త ఛాసిస్ కొనమని చెప్పడం, గుడిసె బాగుచేసుకోబోయేవాడికి మేడ కట్టుకోమని చెప్పినట్లవుతుంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటిది చవకైనదీ చట్టానికి అతి దూరమైనదీ, రెండోది చట్టానికి దగ్గరైనదీ వసతిలో బీదదీ, మూడోది అన్నింటా నిక్కచ్చిదీ సామాన్యుడికి అందనిదీ అవుతాయి. మొదటి రెండు పక్షాలూ ఎత్తు గురించి పోట్లాడుకుంటున్నా, అసలు తేడా వచ్చేది అతుకును ఎవరు చూశారు, ఎవరు సంతకం పెట్టారు అన్న దగ్గరే.

చట్టం ఎక్కడ నిలిచింది

1988 మోటారు వాహనాల చట్టం మొదటి రూపంలో, 52వ సెక్షను కింద, రిజిస్టరు చేసే అధికారికి తెలియజేసి అనుమతి పొందితే వాహనంలో మార్పులకు వీలుండేది. 2000 సవరణ ఈ దారిని బాగా ఇరుకు చేసింది. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా ఆర్.సి.లోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చరాదని అది శాసించి, మార్పు అంటే వాహనపు మౌలిక లక్షణం మారేలా నిర్మాణంలో చేసే మార్పు అని వివరించింది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం 182ఏ సెక్షనులో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ విధించవచ్చని చేర్చింది.

ఈ కఠినత్వానికి కారణం లేకపోలేదు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయి 45 మంది మరణించారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు చనిపోయాక, సీట్ల బస్సులను స్లీపర్లుగా మార్చడం మీద దేశమంతటా తనిఖీలు, చర్చలు సాగాయి. ఆ ప్రమాదాలు కప్పు లేపడం వల్ల జరిగినవి కావు. అయినా అవి నేర్పిన పాఠం మోటార్‌హోమ్‌కు నేరుగా తగులుతుంది: పడకలు, అరలు, తలుపులు బిగించిన వాహనంలో నిద్రలో ఉన్నవారు పొగలో దారి వెతుక్కోవాలి. అతుకు బలం కోసం కిటికీలు మూసేవారు బయటపడే దారులనూ మూసేస్తున్నారు. ఒక వైపు బలం పెంచితే మరో వైపు తప్పించుకునే దారి తగ్గే ఈ పెనుగులాటను మూడు పక్షాలలో ఏదీ నిజాయితీగా లెక్కలోకి తీసుకోలేదు. కప్పులోనే తెరుచుకునే అత్యవసర ద్వారం పెట్టడం, వంట గ్యాసును పడక వైపు కాక తలుపుకు దూరంగా ఉంచడం వంటివి కప్పు ఎత్తుతో పాటే తేల్చవలసిన విషయాలు.

వీధి ఒప్పుకునే ఎత్తు

డబుల్ డెక్కరు కాని వాహనానికి మన నియమాలు దశాబ్దాల పాటు 3.8 మీటర్ల ఎత్తును మితిగా ఉంచి, 2020 సవరణలో కొన్ని తరగతులకు దానిని నాలుగు మీటర్ల దాకా సడలించాయి. 3.2 మీటర్ల బస్సుకు అడుగు కలిపినా ఈ మితి దాటదు; కప్పు మీద ఏసీ, సోలారు పలకలు చేరితే అంచుకు వస్తుంది. అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగా సాగే మెట్రో వంతెన గానీ పంజాగుట్ట ఫ్లైఓవరు గానీ ఇటువంటి వాహనానికి అడ్డు కావు. చిక్కు పెద్ద రోడ్లలో కాదు, గల్లీలలో ఉంది: ఎల్లారెడ్డిగూడ లోపలి వీధులలో స్తంభం నుంచి స్తంభానికి వేలాడే కేబుల్ తీగలు, కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు, పాత రైలు వంతెనల కింద ఇరుకు దారులు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం కరెంటు తీగను తాకి ఐదుగురు మరణించాక నగరంలో తీగల ఎత్తు గురించి అందరూ మాట్లాడారు. లోహపు కప్పున్న ఎత్తైన వాహనానికి ఆ ప్రమాదం అక్షరాలా వర్తిస్తుంది. 2023 ఫిబ్రవరిలో నగరానికి మళ్లీ వచ్చిన విద్యుత్ డబుల్ డెక్కర్లు తిరిగే దారులను ముందే చూసి ఎంచుకోవలసి రావడం కూడా ఇందుకే. తన దారిని తానే ఎంచుకునే మోటార్‌హోమ్ యజమానికి అటువంటి పటం ఎవరూ ఇవ్వరు.

ఇంకా తేలనివి

2019 సవరణ 52వ సెక్షనులో ఒక కొత్త తలుపు కూడా పెట్టింది: వాహనాల మార్పులకు ప్రమాణాలు, ఆమోద షరతులు కేంద్రం నిర్ణయించవచ్చని. ఒక్క బస్సును కప్పు లేపి మార్చుకునే యజమానికి ఆ తలుపు తెరుచుకుంటుందా అన్నది ఇప్పటి ప్రశ్న. బ్రిటన్‌లో ఒక్కొక్క వాహనాన్ని విడిగా పరీక్షించి ఆమోదించే పద్ధతి ఉంది. ఆస్ట్రేలియాలో భారీ వాహనాల మార్పులకు ప్రత్యేక నియమావళి, దాని ప్రకారం సంతకం పెట్టే అధీకృత పరీక్షకులు ఉన్నారు. ఇక్కడ బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఫిట్‌నెస్ పరీక్షలో చూసేది వాహనం బయటి తీరు, బ్రేకులు, దీపాలు. రేకు కింద దాగిన స్లీవు అతుకును చూడడానికి ఆయన చేతిలో పరికరమూ లేదు, అది చూడమని చెప్పే ఫారమూ లేదు.

పల్టీ పరీక్ష మరో ముడి. పూర్తి బస్సును దొర్లించి పరీక్షిస్తే పరీక్షించిన బస్సే మిగలదు. ఒకే బస్సు ఉన్నవాడికి అది అర్థంలేని పని. ఐరోపా నియమావళి ఇందుకు ప్రత్యామ్నాయాలు ఒప్పుకుంటుంది: రెండు మూడు పిల్లర్ల బాడీ ముక్కను మాత్రం కట్టి దొర్లించడం, మెల్లగా తోపు పెట్టి విరుపు కొలవడం, కంప్యూటరులో లెక్క కట్టడం. అదే గొట్టం, అదే స్లీవు, అదే వెల్డరు చేతితో తయారైన నమూనా ముక్కను ఆటోనగర్ షెడ్డు నుంచి ఒక ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలకు పంపి విరిచి చూడడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. ఆ ముక్క మీద వచ్చిన అంకెను ఖైరతాబాదు కార్యాలయం ఏ ఫైలులో, ఏ నియమం కింద స్వీకరించాలో ఇంతవరకు ఎవరూ రాయలేదు.